శనివారం సంతకాలు

పోయిన ఎండాకాలం నేనొక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాశాను. నవ్వకండి. నవ్వాల్సినదంతా మా ఆయన ముందే నవ్వేశారు.

"మన ఊరి క్లబ్బు కాదు, మన దేశం క్లబ్బు కాదు. పోనీ ఆటన్నా తెలుసా అంటే గోలు పడితే చప్పట్లు కొట్టడం తప్ప నీకేం తెలీదు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక ఇదేం పిచ్చి వసూ?" అన్నారు కేశవరావు గారు, పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని. రోడ్లు వేసేముందు మట్టిని పరీక్షించే ఇంజనీరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారాయన. ఇప్పుడు పరీక్షించడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

"ఆట తెలియక్కర్లేదండీ, మనుషులు తెలిస్తే చాలు," అన్నాను. అప్పుడు గట్టిగానే అన్నాను. ఇప్పుడైతే ఆ మాట నా నోట రాదు.

హెర్న్‌డన్ లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను నేను. మా ఊళ్ళో అడుగుకో సాల్వడోర్ దేశపు మనిషి ఉంటాడు. కౌంటర్ వెనక నిలబడి నిలబడి వాళ్ళ స్పానిష్ నాకు పట్టుబడింది, యాస మాత్రం తెనాలిదే. అక్కడ పరిచయమైనవాడే దోన్ తీనో. దోన్ అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే పేరుకి ముందొస్తుంది. ఆడవాళ్ళకైతే దోన్యా; వసూ అనే నా పేరు ఆయన నోట్లో దోన్యా వాసూ అయింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి. చేతులు రెండూ చేటలంత ఉంటాయి. ఎప్పుడో ఆ చేతులతోనే వాళ్ళ ఊరి జట్టుకి గోల్ కాపలా కాశాడు. ఊరి పేరు హొకొతాల్పా, జట్టు పేరు దెపొర్తీవో హొకొతాల్పా.

మే నెలలో ఒకరోజు అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. పాత ఫోటోలు, పేపర్ ముక్కలు, చెమటకి రంగు వెలిసిన ఒక చొక్కా. "వచ్చే ఏడాదికి మా క్లబ్బుకి డెబ్బై అయిదేళ్ళు, దోన్యా వాసూ. మేం పోతే ఈ కథ చెప్పేవాడుండడు. మీరు రాయండి," అన్నాడు.

"మీవాళ్ళే ఎవరైనా రాస్తే బాగుంటుంది కదా?"

"మావాళ్ళు రాస్తే నా గోలు ఎక్కువా, నీ గోలు ఎక్కువా అని కొట్టుకు చస్తారు. మీకు ఏ పక్షమూ లేదు. మీరు వెళ్తే అందరూ తలుపు తీస్తారు, నేను ముందే ఫోన్ చేసి చెబుతాను."

సరే, పెద్దమనిషి మాట ఎలా కాదంటాను? ఒప్పుకున్నాను. చిక్కల్లా ఒక్కటే. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నేను హైవే ఎక్కడం మానేశాను. మాట్లాడాల్సిన మనుషులేమో మనాసస్‌లో ఒకరు, స్టెర్లింగ్‌లో ఒకరు, మేరీలాండ్‌లో పదిమంది. మా ఆయన్ని అడిగితే మోకాలి వంక పెట్టారు.

ఆ వారమే మా అవని ఫోన్ చేసింది.

అవని మా ఒక్కగానొక్క కూతురు. ఇక్కడే పుట్టింది, ఇక్కడే లా చదివింది. ముప్ఫై ఆరేళ్ళు. ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వస్తే ఫోను చూసుకుంటూ అన్నం తిని, పెరుగన్నం దాకా ఉండకుండా వెళ్ళిపోతుంది. దెబ్బలాట ఏమీ లేదు. దెబ్బలాడుకోవడానికి కూడా కాస్త కూర్చోవాలి కదా! అలాంటి పిల్ల, నేను ఏదో మాటల్లో ఈ పుస్తకం సంగతి చెబితే, ఒక్క క్షణం ఆగి, "అమ్మా, శాటర్‌డేస్ నేను డ్రైవ్ చేస్తా. వియ్ కెన్ డూ ఇట్ టుగెదర్," అంది.

ఫోను పెట్టేసి మా ఆయన దగ్గరికి చిన్నపిల్లలా పరిగెత్తాను. "అవని వస్తుందటండీ. ప్రతి శనివారమూ!" ఆయన కూడా పేపరు పక్కన పెట్టేశారు.

అలా మొదలయ్యాయి మా శనివారాలు. పొద్దున్న తొమ్మిదికల్లా కారు మా డ్రైవ్‌వేలో ఉండేది. నేను పులిహోర కలిపి డబ్బాలో పెట్టేదాన్ని. దారిలో ఎర్రలైటు పడినప్పుడల్లా ఒక చెంచా దాని నోట్లో పెట్టడం నా పని. "అమ్మా, ఐయామ్ థర్టీ సిక్స్," అంటూనే నోరు తెరిచేది. కారులో అది ఎన్ని కబుర్లు చెప్పిందో! దాని అపార్ట్‌మెంట్ కింద కుక్కల కోసం పెట్టిన పార్కు గురించి, ఒకప్పుడు ప్రేమించి వదిలేసినవాడి గురించి, ఆఫీసులో పైవాళ్ళ గురించి. "ఈ ఇయర్ ఒక్క డీల్ అయినా క్లోజ్ చేయకపోతే నన్ను పంపించేస్తారు అమ్మా," అంది ఒకసారి. ఏ డీలో నేనడగలేదు. దాని ఆఫీసు గొడవలు నాకు అర్థమయ్యేవి కావని దాని నమ్మకం, నాకూ అదే నమ్మకం.

జూన్ మొదట్లో మనాసస్ వెళ్ళాం, నీన్యా లోలా ఇంటికి. అక్కడివాళ్ళు పెద్దావిడని కూడా 'నీన్యా' అంటారు, పిల్ల అని అర్థం. ఆవిడకి డెబ్బై తొమ్మిది. కూతురి ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటుంది. గోడ మీద మేరీమాత పటం, దాని పక్కనే పదకొండుగురు కుర్రాళ్ళ ఫోటో. రెండింటికీ ఒకే దీపం.

"క్లబ్బు పెట్టింది ముగ్గురు రొట్టెలు కాల్చేవాళ్ళు," అని మొదలుపెట్టింది ఆవిడ. "చొక్కాలు కొనే స్థితి లేదు. పిండి గోతాలు విప్పి కుట్టించారు. వీపు మీద మిల్లు పేరు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. పక్క ఊరివాళ్ళు 'గోతాలూ, గోతాలూ' అని వెక్కిరించేవారు. మావాళ్ళు ఆ పేరే పెట్టుకున్నారు. ఇప్పటికీ మా జట్టుని గోతాలనే పిలుస్తారు."

"మీరు ఎప్పుడు చేరారు?"

"గోడ కట్టినప్పుడు. డెబ్బై నాలుగులో. మైదానానికి గోడ లేకపోతే పెద్ద లీగులో ఆడనివ్వం అన్నారు. ఊరంతా ఏటికి పోయి రాళ్ళు మోసింది. వంద రాళ్ళు మోసినవాళ్ళకి క్లబ్బులో జీవితాంతం సభ్యత్వం. నేను కడుపుతో ఉండి మోశాను. నూట నాలుగు." చేతులెత్తి చూపించింది. "రెండు వందల పన్నెండు మందిమి అయ్యాం. క్లబ్బు మాది. ఎవరి పేరున వాళ్ళకే, పిల్లలకి రాదు. మనిషి పోతే సభ్యత్వమూ పోతుంది. బతికున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది చెయ్యెత్తితే తప్ప క్లబ్బుని ఎవడూ కదపలేడు."

ఆవిడ రెండో తరగతితో బడి మానేసింది. సంతకమంటే పెద్ద 'ఎల్' అక్షరం ఒకటి గీస్తుంది. సభ్యుల పుస్తకంలో కూడా అదే ఉందని నవ్వింది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో జట్టు దేశానికే చాంపియనైన రోజు, దోన్ తీనో పెనాల్టీ ఆపిన రోజు, ఏట్లో పదకొండు చొక్కాలు ఉతుకుతూ ఏడ్చానని చెప్పింది. రెండేళ్ళకి యుద్ధం. మైదానంలో సైన్యం దిగింది. గోడ చాటున ఎవరెవర్ని నిలబెట్టారో చెప్పబోయి ఆగిపోయింది. నేను రికార్డర్ ఆపేశాను.

నాదొక పద్ధతి. అనుమతి పత్రం మీద సంతకం లేనిదే ఎవరి మాటా పుస్తకంలో వాడను. లైబ్రరీలో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసినప్పుడు అలవాటైన కట్టుబాటు అది. నా పాత కాగితం చూసి అవని, "ఇది లీగల్‌గా వీక్ అమ్మా. నేను కొత్తది డ్రాఫ్ట్ చేస్తా," అని చేసి తెచ్చింది. నాది ఒక పేజీ, దానిది రెండు. లాయర్లు కదా, ఒక ముక్కని పది ముక్కలు చేస్తారని నవ్వుకుని ఊరుకున్నాను. మొదటి పేజీ చూశాను. రెండోది చూడలేదు. 'చదవకుండా సంతకం పెట్టకండి' అని ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ చెప్పినదాన్ని, కన్నకూతురు రాసిన కాగితం తిరగేసి చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

"నువ్వు కారులో ఏసీ వేసుకుని కూర్చో అమ్మా, నీరసంగా ఉన్నావు. నేను సైన్ చేయించుకొస్తా," అనేది ప్రతి ఇంట్లోనూ. కాలేజీలో నేర్చుకున్న స్పానిష్ దానికి బాగానే వచ్చు. నేను కారులో కూర్చుని అద్దంలోంచి చూసేదాన్ని. నీన్యా లోలా గుమ్మం దాకా వచ్చి, దాని బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. నా కూతురు కూడా ఆవిడని కౌగిలించుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. పరాయివాళ్ళ పెద్దతనాన్ని ఇంత గౌరవించే పిల్లని కన్నానా అని పొంగిపోయాను.

దారిలో నేనే అన్నాను. "ఆ రూలు ఎంత బాగుందో చూడవే! రాయి మోసినవాడిదే క్లబ్బు. డబ్బున్నవాడిది కాదు."

"ఊఁ. ఇప్పుడు ఎంతమంది అలైవ్?"

"నలభై ఒక్కరు. పదిమంది ఊళ్ళోనే ఉన్నారు. మిగతా ముప్ఫై ఒక్కరూ ఇక్కడే. దోన్ తీనో అందరి అడ్రసులూ వెతికి ఇచ్చాడు, నేను లిస్టు రాసుకున్నాను."

"లిస్ట్ నాకు టెక్స్ట్ చేయి. రూట్ ప్లాన్ చేస్తా," అంది. అక్కడే, ఎర్రలైటు దగ్గరే, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని పంపించాను.

జూలై ఆఖరుకి ఇరవై తొమ్మిది మందితో మాట్లాడాం. ఒకాయనకి మతి లేదు, ఇంకొకాయనకి దోన్ తీనోతో పడదు. ఆ తర్వాత చొక్కాలు కుట్టినవాళ్ళు, బస్సు నడిపినవాళ్ళు, మ్యాచిల దగ్గర మొక్కజొన్న పొత్తులు అమ్మినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు సభ్యులు కాకపోయినా వాళ్ళ కథా కావాలి నాకు. "ఈ శనివారం వుడ్‌బ్రిడ్జ్ వెళ్దామా?" అని అడిగితే, "ఈ వీక్ బిజీ అమ్మా," అంది అవని. పై వారమూ బిజీ. ఆ పై వారం ఫోన్ ఎత్తలేదు. నేను పులిహోరకి నానబెట్టిన చింతపండు ఫ్రిజ్‌లో పెట్టాను. పని ఒత్తిడి పాపం అనుకున్నాను. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా?

ఆగస్టు మూడోవారంలో దోన్ తీనో ఎల్డెన్ స్ట్రీట్‌లో తన మేనకోడలి రొట్టెల దుకాణానికి రమ్మని కబురు పెట్టాడు. మామూలుగా అయితే నేను వెళ్ళగానే జామ్ పెట్టి కాల్చిన సెమీతా ముక్క ఒకటి నా ముందు పెట్టేవాడు. ఆ రోజు కాఫీ కూడా అడగలేదు. కుర్చీ చూపించాడు.

"హొకొతాల్పా నుంచి నోటీసు వచ్చింది," అని ఒక కాగితం నా వైపు తోశాడు. "క్లబ్బు సర్వసభ్య సమావేశం, సెప్టెంబరు ఆరో తేదీన. ఒకే ఒక్క విషయం మీద. కేటగిరీ అమ్మకం."

వాళ్ళ దేశంలో ఒక పద్ధతుంది. పై లీగులో ఆడే హక్కుని కేటగిరీ అంటారు. కింది నుంచి గెలుచుకుంటూ పైకి రావడానికి ఓపిక లేనివాళ్ళు, పైనున్న జట్టు నుంచి ఆ హక్కు కొనేసుకుంటారు. కొన్నాక జట్టు పేరు మారుతుంది, రంగు మారుతుంది, ఊరూ మారుతుంది. దెపొర్తీవో హొకొతాల్పా పదేళ్ళు కిందపడి లేచి, నిరుడే పై లీగుకి వచ్చింది. ఇప్పుడు రాజధానిలో కొత్త స్టేడియం కట్టుకున్న ఒక కంపెనీకి ఆ చోటు కావలసి వచ్చింది.

"వాళ్ళకి ఇరవై ఎనిమిది ఓట్లు కావాలి. ఊళ్ళో పదిమందీ చచ్చినా వెయ్యరు. ఇక్కడివాళ్ళు ఎక్కడున్నారో ఆ కంపెనీకి తెలీదు. తెలిసే దారే లేదు అనుకున్నాం." రెండో కాగితం తోశాడు. "వీళ్ళ దగ్గర ఇరవై తొమ్మిది ప్రాక్సీలు ఉన్నాయట. మా బదులు ఓటు వేసే అధికారం ఇచ్చినట్టు మేమే సంతకాలు పెట్టాం. నాది కూడా ఉంది. చూడండి."

చూశాను. నీన్యా లోలా పెద్ద 'ఎల్' ఉంది. అన్నీ మా శనివారాల వరసలోనే ఉన్నాయి, తేదీలతో సహా. అన్నింటి కిందా అధికారం పుచ్చుకున్న మనిషి పేరు ఒకటే.

"ఈ పేరు మీ అమ్మాయిదేనా, దోన్యా వాసూ?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. నిజంగా కాదంటానేమోనని ఆశగా అడిగాడు.

"మా అమ్మాయిదే," అన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు. వచ్చి సోఫాలో కూలబడి మా ఆయనకి చెప్పాను. ఆయన అదిరిపడతారనుకున్నాను. అదిరిపడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళ కాపురం, ఆ తుడుచుకోవడం ఏమిటో నాకు తెలీదా?

"మీకు ముందే తెలుసు!"

"జూన్‌లో మన ప్రింటర్‌లో తీసింది వసూ. రెండో పేజీ నా కంట పడింది. అడిగాను. టైం చూసి అమ్మకి నేనే చెప్తా డాడీ అంది. నువ్వేమో..."

"నేనేమో?"

"శనివారం వస్తోందంటే శుక్రవారం నుంచే పాటలు పాడుకుంటున్నావు. నా నోటితో ఎలా చెప్పను?"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ఇద్దరు. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం పెట్టాను గానీ పక్కన కూర్చోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అవని వచ్చింది. రావడమే చేతిలో నాకిష్టమైన బందరు లడ్డూల పెట్టెతో వచ్చింది, ఐసెలిన్‌లో మనవాళ్ళ మిఠాయి కొట్టు నుంచి ఎవరిచేతో తెప్పించిందట. నేను ఆ కాగితాలు టేబుల్ మీద పరిచాను.

"అమ్మా, లిజన్. ఆ కంపెనీ మా ఆఫీస్ క్లయింట్. ఎవ్రీథింగ్ ఈజ్ రిటెన్ దేర్. సెకండ్ పేజ్‌లో క్లియర్‌గా ఉంది, స్పానిష్‌లో. నేను ఫోర్జ్ చేయలేదు. అందరూ అడల్ట్స్, సైన్ చేశారు."

"నీన్యా లోలాకి చదువు రాదని నీకు తెలుసు. నా పక్కనే కూర్చుని విన్నావు."

"నేను చదివి చెప్పా ఆవిడకి. సమ్మరైజ్ చేశా."

"ఏమని?"

తల దించుకుంది. "మెంబర్‌షిప్ అప్‌డేట్ అని."

"తడిగుడ్డతో గొంతు కోశావు కదే!"

"అమ్మా, ఆ క్లబ్ ఆల్రెడీ చచ్చిపోయింది! స్టాండ్స్ కూలిపోతున్నాయి, ప్లేయర్స్‌కి జీతాల్లేవు. వీళ్ళు ఎప్పుడో వదిలేసి వచ్చారు. ఎవరూ ఇక మ్యాచ్ చూడటానికి వెళ్ళరు. సేల్ అయితే అందరికీ షేర్ వస్తుంది, ఆ ముసలావిడకి కూడా. ఎవరికి లాస్? ఒక్కళ్ళ పేరు చెప్పు."

"అంత మంచి పనైతే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు లిస్ట్ ఇచ్చేదానివా?"

మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఒక్కటే అడగాలనుకున్నాను. అడగడానికి భయం వేసింది. అయినా అడిగాను.

"వుడ్‌బ్రిడ్జ్ వెళ్దామంటే రాలేదు నువ్వు. బిజీ అన్నావు."

"అమ్మా..."

"ఎన్ని కావాలి మీకు? చెప్పు."

"ట్వెంటీ ఎయిట్," అంది అవని. అబద్ధం చెప్పలేక చెప్పినట్టు, "ఒకటి ఎక్స్‌ట్రా," అంది.

ఆ కబుర్లు, ఆ పులిహోర, ఎర్రలైటు దగ్గర ఆ తెరిచిన నోరు, అన్నీ సంతకానికొక్కటి చొప్పున కొలిచి ఇచ్చినవే. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట! లడ్డూల పెట్టె దాని చేతికిచ్చి తలుపు తీశాను. వెళ్ళేటప్పుడు ఏడ్చింది. అది ఏడుస్తుంటే ఓదార్చకుండా నిలబడడం నా జన్మలో అదే మొదటిసారి.

సమావేశానికి పన్నెండు రోజులుంది. ఇచ్చిన ప్రాక్సీని రద్దు చేసుకోవచ్చని నోటీసులోనే ఉంది, సంతకం పెట్టిన కాగితం పంపితే చాలు. నేను లెక్క వేసుకున్నాను. ఇరవై తొమ్మిదిలో ఇద్దరు వెనక్కి తీసుకుంటే అమ్మకం ఆగిపోతుంది. ఇద్దరంటే ఇద్దరు! దోన్ తీనో అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఇంకొక్కరు కావాలి.

"మీరు ఫోన్ చేసి చెప్పండి," అన్నాను ఆయనతో.

"చేశాను. ఎవరూ ఎత్తడం లేదు. మిమ్మల్ని పంపింది నేనే కదా. తీనోకి ఎంత ముట్టిందో అని చర్చి దగ్గర అడిగారట." చేటల్లాంటి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "పెనాల్టీ ఆపినవాణ్ణి అని నలభై ఆరేళ్ళుగా నాకు దారి వదిలేవారు."

మర్నాడు నేను రూట్ ఇరవై ఎనిమిది హైవే ఎక్కాను. నా అంతట నేనే, కుడివైపు లేనులో, వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే, చెమటలు కక్కుకుంటూ. స్టెర్లింగ్‌లో తలుపు తీయలేదు. సెంటర్‌విల్‌లో తీసి, నన్ను చూసి మళ్ళీ వేసేశారు. మేరీలాండ్‌లో ఒకాయన పచ్చిక కోస్తూ ఉన్నాడు. జూన్‌లో నన్ను కూర్చోబెట్టి మామిడిపండు కోసి పెట్టినవాడే. నన్ను చూసి కూడా మిషను ఆపలేదు. తొమ్మిది రోజుల్లో ఇరవై ఏడు ఇళ్ళు తిరిగాను. ఒక్క సంతకం దొరకలేదు.

చివరికి మనాసస్ మిగిలింది. కావాలనే ఆఖరుకి పెట్టుకున్నాను. ఆవిడ కూడా తలుపు వేసేస్తే తట్టుకోలేనని భయం.

నీన్యా లోలా తలుపు తీసింది. లోపలికి రమ్మంది. కాఫీ పెట్టి ఇచ్చింది. మేరీమాత దగ్గరా, పదకొండుగురి దగ్గరా దీపం వెలుగుతూనే ఉంది. నేను మొత్తం చెప్పాను, మొదటి నుంచి. నా కూతురు మోసం చేసిందనీ, నేను చదవలేదనీ, తప్పు నాదేననీ. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీరు నిజం చెబుతున్నారు. నాకు తెలుస్తోంది," అంది.

నేను కాగితం తీశాను. ఒక్కటే పేజీ. గట్టిగా చదివి వినిపించాను, రెండుసార్లు. కలం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కలం వైపు చాలాసేపు చూసింది.

"మిమ్మల్ని నమ్ముతున్నాను, దోన్యా వాసూ. కానీ పోయినసారి కూడా నమ్మాను కదా." కలం నా వైపు నెట్టింది, మెల్లగా. "మా అమ్మాయి చెప్పింది, ఇక ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దని. కాఫీ తాగండి, చల్లారిపోతుంది."

తాగాను. ఏం చేస్తాను?

సెప్టెంబరు ఆరున సమావేశం జరిగింది. ఇరవై ఎనిమిది ఓట్లు. సరిగ్గా సరిపోయాయి. దెపొర్తీవో హొకొతాల్పా ఇప్పుడు రాజధానిలో ఇంకో పేరుతో ఆడుతోంది. చొక్కాలు నీలం రంగు. ఊళ్ళో మైదానం ఉంది, గోడ ఉంది, జట్టు లేదు.

నేనిక పుస్తకం సంగతి మరిచిపోదామనుకున్నాను. అక్టోబరులో దోన్ తీనోయే మా ఇంటికి వచ్చాడు. అట్టపెట్టె తీసుకుపోవడానికేమో అనుకుని సిద్ధంగా తెచ్చి గుమ్మంలో పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఆఖరి అధ్యాయం ఎప్పుడు రాస్తారు?"

"ఇంకా నా చేత రాయిస్తారా?"

"ఎలా పోయిందో మీకు తెలిసినంత ఎవరికీ తెలీదు. ఉన్నదున్నట్టు రాయండి. పేర్లతో సహా. అది మీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి, ఈ పెట్టె పట్టుకుపోతాను."

"అవుతుంది," అన్నాను.

మూడు వారాలు పట్టింది. పేజీన్నర. డెబ్బై అయిదేళ్ళ చరిత్రంతా రాయడానికి పట్టనంత కష్టం ఆ పేజీన్నరకి పట్టింది. రాసిన కాగితం మా ఆయన చదివారు. చదివి, ఎన్నాళ్ళకో నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"దాని పేరు తీసెయ్ వసూ. 'ఒక న్యాయవాది' అని రాస్తే సరిపోదా? లోకమంతా చదవాలా?"

"లోకం చదవదండీ. ఇరవై తొమ్మిది మంది చదువుతారు. చదువు రానివాళ్ళకి నేను చదివి వినిపిస్తాను."

ఆయనే చెప్పి ఉంటారు. ఆ సాయంత్రమే అవని ఫోన్ చేసింది. రెండు నెలల తర్వాత దాని గొంతు వినడం. ఆ గొంతు వింటే నా ప్రాణం ఇప్పటికీ లేచి వస్తుంది, దాచుకోవడమెందుకు?

"అమ్మా, నా పేరు రాశావా?"

"రాశాను."

"ఆన్‌లైన్‌లో కూడా పెడతారా?"

"లైబ్రరీలో పెడతారు, ఆన్‌లైన్‌లోనూ పెడతారు."

"ఇట్స్ ఫరెవర్, అమ్మా. ఎవరు నా పేరు సెర్చ్ చేసినా అదే వస్తుంది. ఏం చేశానో అది కూడా రాశావా? ఆ సెకండ్ పేజ్, ఆ శాటర్‌డేస్, అన్నీ?"

"అన్నీ."

అవతల ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకునేటప్పుడు అలాగే పీల్చేది. "నేను నీ కూతుర్ని కదమ్మా!" అంది.

"అది కూడా రాశాను తల్లీ," అన్నాను.